రెండో తాళంచెవి

మనిషి పోయి రెండు రోజులైనా సబ్బుపొడి ఫ్యాక్టరీ గేటు దగ్గర బోర్డు మీద సున్నా చెరగలేదు. ‘ఈ ఏడాది ప్రమాదాలు’ అని పెద్ద పెద్ద అక్షరాలు, వాటి కింద గుమ్మడికాయంత సున్నా. పొద్దున్నే ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టున్నారు, నిగనిగలాడుతోంది.

ఆ సున్నా చూసేసరికి ఇన్‌స్పెక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఫ్యాక్టరీల్లో జరిగే ప్రమాదాల మీద దర్యాప్తు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఎన్నో చావులు చూసింది. కానీ ఈ కేసు కాగితాలు బల్ల మీదికి వచ్చినప్పుడు మాత్రం, పోయినవాడెవరని చూడకముందే కింద సంతకం ఎవరిదని చూసింది. చూసి, లేచి మంచినీళ్ళు తాగి, మళ్ళీ కూర్చుంది. ఆ సంతకం తన చేతికి చిక్కే రోజు కోసం ఆమె ఏళ్ళ తరబడి కాచుక్కూర్చుంది.

సంతకం ఇక్కడి సేఫ్టీ మేనేజరుది. ప్రమాదాల లెక్క సున్నా దాటనివ్వడు కాబట్టి పనివాళ్ళు చాటున సున్నా దొర అంటారు. ఇక్కడికి రాకముందు అతను ఇంకో ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడి బాయిలర్ గదిలోనే ఇన్‌స్పెక్టరమ్మ అన్నయ్య కాలిపోయాడు. అప్పుడు కూడా ఇతనే రిపోర్టు రాశాడు. ‘పనివాడి సొంత నిర్లక్ష్యం’ అని ఒక్క ముక్క. "మా వాడు అంత అజాగ్రత్త మనిషి కాడే" అనుకుంటూనే వాళ్ళమ్మ కళ్ళు మూసింది. ఇప్పుడు ఇక్కడ పొడి కలిపే మిక్సర్లో నలిగిపోయిన మేస్త్రి చావు మీద కూడా అదే మనిషి అదే ముక్క రాసి పంపించాడు. ఒక్క అక్షరం మార్చలేదు.

గేటు పక్క బెంచీ మీద మేస్త్రి భార్య కూర్చుని ఉంది. లోపలికి రానివ్వడం లేదట.

"మా ఆయన తప్పేనని రాస్తారా అమ్మా?" అంది లేచి నిలబడుతూ.

"మీరేమంటారు?"

"ఇంట్లో బల్బు మార్చాలన్నా ఫ్యూజు పీకి జేబులో వేసుకునే మనిషమ్మా ఆయన. మళ్ళీ పెట్టేదాకా పిల్లల్ని కూడా నమ్మడు. అలాంటివాడు తాళం వెయ్యకుండా మిషన్లోకి దిగాడంటే నేను నమ్మాలా? పిల్లలకి ఏం చెప్పుకోను, మీ నాన్న తన చావు తానే తెచ్చుకున్నాడనా?"

"అలా రాయను. తప్పెవరిదో వాళ్ళ పేరే రాస్తాను" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ పేరు ఏదో ఆమె మనసులో అప్పటికే ఖాయమైపోయింది.

గేటు కాపలావాడు ఒక ఇత్తడి తాళంకప్ప, తాళంచెవి చేతికివ్వబోయాడు. ఇక్కడ పద్ధతి అది. మిషన్ దగ్గరికి వెళ్ళే ప్రతి మనిషికీ సొంత తాళం ఉండాలి. మిషన్లో చెయ్యి పెట్టేముందు కింద మెయిన్ స్విచ్ పిడికి ఆ తాళం బిగించి, తాళంచెవి ఒంటి మీదే ఉంచుకోవాలి. తాళం వేలాడుతున్నంతసేపూ పిడి పైకి లేవదు, మిషన్ తిరగదు.

"నాకొద్దు. నా తాళం నేను తెచ్చుకుంటాను" అని బ్యాగులోంచి తన పాత నల్ల తాళం తీసి చూపించింది. అన్నయ్య పోయాక కొన్నది. ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా అది లేకుండా గడప దాటదు.

*

మిక్సర్లోకి ఒకరు దిగితే పైన మూత దగ్గర ఇంకొకరు నిలబడాలి. ఆ రోజు నిలబడాల్సినవాడు పెద్ద వయసు మనిషి. ఏం మాట్లాడినా గొంతు దాటి రాదు కాబట్టి అందరూ గొణుగుడు అంటారు. ఖాళీ క్యాంటీన్లో ఇన్‌స్పెక్టరమ్మ ఎదురుగా కూర్చుని టేబుల్ అంచు గోకుతున్నాడు. అతని భుజం వెనకే సున్నా దొర నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా నలగకుండా.

"మీరు బయట ఉండండి" అంది అతనితో.

"కంపెనీ తరఫున ఒకరు ఉండాలి కదా మేడమ్."

"ఉండండి. తలుపు అవతల."

అతను నవ్వి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మేస్త్రి దిగినప్పుడు ఎక్కడున్నారు?"

"మూత దగ్గరే."

"కొంచెం పైకి గొణగండి."

"మూత దగ్గరేనమ్మా."

"మిషన్ తిరిగినప్పుడు?"

"అప్పుడూ అక్కడే."

"మూత తెరిచుండగా మిషన్ తిరిగింది. నీలం పొడి ఇనుప మెట్ల దాకా పరుచుకుంది. పోలీసులు తీసిన ఫొటోలో మేస్త్రిని బయటికి తీసినవాళ్ళు నెత్తి నుంచి కాళ్ళ దాకా నీలంగా ఉన్నారు. పక్కనే ఉన్న మీ చొక్కా మాత్రం మల్లెపువ్వులా ఉంది. ఎలా?"

గొణుగుడు కుర్చీలో పక్కకి తిరిగాడు. తలుపు వైపు చూశాడు. ఆమె లేచి వెళ్ళి ఆ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు చెప్పండి బాబాయ్. మేస్త్రి భార్య గేటు దగ్గర కూర్చుని ఉంది. మీకు తెలిసిన మనిషే కదా."

ఆ మాటకి అతను కరిగిపోయాడు. ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తూ, జీవితంలో మొదటిసారి కాబోలు, స్పష్టంగా మాట్లాడాడు.

"తాళం వేశాడమ్మా. నా కళ్ళారా చూశాను. లాగి కూడా చూసుకున్నాడు. తాళంచెవి తాడు మెడలో వేసుకుని దిగాడు. ఇంతలో మైకులో నన్ను స్టోర్‌కి రమ్మని పిలిచారు, కొత్త మాస్కు తీసుకెళ్ళమని. వెళ్ళు, నా తాళం నా దగ్గరుంది కదా అన్నాడు మేస్త్రి. వెళ్తే స్టోర్ తలుపు మూసుంది. కాసేపు నిలబడి చూశాను. వెనక్కొచ్చేసరికి..."

"మైకులో పిలిచిందెవరు?"

"స్టోర్సక్క. అందరికీ సామాన్లిచ్చేది ఆవిడే."

"మరి పోలీసులకి తాళం వెయ్యలేదని చెప్పారే?"

"దొరగారు చెప్పమన్నారు. మూత వదిలి వెళ్ళానని తెలిస్తే నన్ను జైల్లో వేస్తారన్నారు. తాళం వెయ్యలేదంటే అందరికీ మంచిది, పోయినవాడు ఎలాగూ రాడు అన్నారు."

ఇన్‌స్పెక్టరమ్మకి కోపం, సంతోషం ఒకేసారి వచ్చాయి. దొరికావురా అనుకుంది. తలుపు తీసేసరికి సున్నా దొర నిమ్మకు నీరెత్తినట్టు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

*

"మేస్త్రి తాళం ఎక్కడ దొరికింది?" అనడిగింది అతని గదిలో కూర్చుంటూ.

"అతని సామాన్ల పెట్టెలో. అదే కదా నా రుజువు." బల్ల సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల ఇత్తడి తాళంకప్ప, దానికి మేస్త్రి ఫొటో అతికించిన బిళ్ళ. "తియ్యనే లేదు. వెయ్యనే లేదు."

"మీరే తీశారా పెట్టెలోంచి?"

"నేనే. ఇద్దరు సాక్షులు, చేతికి కొత్త గ్లౌజులు, నేరుగా ఈ కవర్లోకి. సీలు చూడండి. నా పనిలో వేలు పెట్టి చూపించడానికి సందుండదు మేడమ్."

"అవును, మీ రిపోర్టులు ఎప్పుడూ చక్కగానే ఉంటాయి."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "మీ అన్నయ్య సంగతి నాకు గుర్తుంది. అందుకే మీరు వచ్చారని తెలిసి మీ పైవాళ్ళకి ఫోన్ చేద్దామనుకున్నాను. పగ పెట్టుకున్న మనిషి దర్యాప్తు చెయ్యకూడదు."

"చెయ్యండి. ముందు ఒక తెల్ల కాగితం ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె సీలు చించి, రుమాలుతో తాళాన్ని పట్టుకుని కాగితం మీద గట్టిగా తట్టింది. తాళంచెవి దూర్చే కన్నంలోంచి, కొక్కెం గాడిలోంచి సన్నటి పొడి రాలింది. నీలం పొడి.

"ఈ ఫ్యాక్టరీలో ఇన్నాళ్ళూ తెల్ల సబ్బుపొడే చేశారు" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నీలం మొదటిసారి కలిపింది మొన్న పొద్దున. మిక్సర్‌కి అంటుకున్న ఆ నీలం గడ్డలు గీకడానికే మేస్త్రి లోపలికి దిగాడు. దిగేముందు గాలి పైపుతో మిక్సర్ని ఊదాడు, అంటే పొడి ఎగిరి కింద స్విచ్ దాకా పడింది. పెట్టెలో పడుకున్న తాళంలోకి నీలం ఎలా వచ్చింది? మీ గ్లౌజుల మీద నుంచా?"

అతని ముఖంలో రంగు మారింది. కానీ గట్టిపిండం. కాగితం మీది పొడిని కాసేపు చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే వేసిన తాళం ఎవరో తీశారంటారు."

"తీసి, స్విచ్ వేసి, తాళాన్ని పెట్టెలో దాచారు. అతని తాళంచెవి అతని మెడలోనే ఉంది. అంటే రెండోది ఇంకొకటుంది."

"అంటే హత్య." అతను మెల్లగా నవ్వాడు. "హత్య మీ పరిధి కాదు కదా, పోలీసులది. ప్రమాదమే కాదు కాబట్టి మా బోర్డు మీద సున్నా అలాగే ఉంటుంది. కంపెనీకి మచ్చ లేదు, నాకూ లేదు. మంచి పని చేసిపెట్టారు."

ఇన్‌స్పెక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తను తవ్విన నిజమే వీణ్ణి ఒడ్డున పడేస్తోంది. ఆ కాగితాన్ని, ఆ పొడిని, అతని నవ్వుని కలిపి నలిపేయాలనిపించింది. ఆగింది. ఆగడం వల్లే ఇంతదూరం వచ్చింది.

"ఒక్కటి చెప్పండి. ప్రమాదాలే లేని ఫ్యాక్టరీ కదా ఇది. మరి ఉన్నట్టుండి కిందటేడు అందరికీ తాళాలు ఎందుకు కొన్నారు?"

అతను బల్ల మీది పెన్ను అందుకున్నాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"ముందుజాగ్రత్త."

"దేన్ని చూసి వచ్చిన జాగ్రత్త?"

"మా ఓనరుగారు వస్తున్నారు" అన్నాడు లేచి. "తాళం వేలాడుతున్నంతసేపూ ఆ మిక్సర్ ప్రపంచంలో అందరికంటే భద్రమైన చోటని ఆయనకి చూపిస్తాను. నేనే దిగుతాను. మీరూ రండి. నా పాత తాళం బిగుసుకుపోయింది, పొద్దున్నే స్టోర్లో కొత్తది కూడా తీసుకున్నాను. మీ పగ చల్లారేలా దగ్గరుండి చూడండి."

*

స్టోర్సక్క నలభై దాటిన మనిషి. అరల నిండా చేతి తొడుగులు, మాస్కులు, బూట్లు, దేనికదే సర్ది ఉన్నాయి. ఇన్‌స్పెక్టరమ్మకి స్టూలు తుడిచి వేసింది.

"గేటు దగ్గర మా తాళం వద్దన్నారట?"

"అలవాటక్కా. నాది నాకుంటే ధైర్యం."

"మంచి అలవాటు" అంది స్టోర్సక్క. ఆ మాటలో వెటకారం లేదు.

"ఒక్కో తాళానికి రెండు చెవులొస్తాయి కదా. రెండోది ఏం చేస్తారు?"

"విరిచేస్తాను." బల్లకి బిగించిన ఇనప దవడల వైస్ చూపించింది. "తాళం తీసుకునే మనిషి ఎదురుగానే, ఇందులో బిగించి రెండు ముక్కలు చేస్తాను. చూస్తే వాళ్ళకి నమ్మకం. ముక్కలు ఇదిగో, ఈ డబ్బాలో."

ఇన్‌స్పెక్టరమ్మ డబ్బాని బల్ల మీద బోర్లించింది. పచ్చటి ఇత్తడి ముక్కల కుప్ప. వేళ్ళతో కెలుకుతూ అసలు సంగతికి వచ్చింది.

"మొన్న గొణుగుణ్ణి మైకులో ఎందుకు పిలిచారు?"

"మాస్కు కోసం."

"పిలిచి, తలుపు మూసుకుని ఎక్కడికెళ్ళారు?"

"ఆడమనిషిని, ఎక్కడికో వెళ్తాను. ఎదురుచూడకుండా వెళ్ళిపోయాడు, నా తప్పా?"

"పిలవమని దొర చెప్పాడా?" ఇన్‌స్పెక్టరమ్మ గొంతు తగ్గించింది. ఆమెకి కావలసిన జవాబు ఒక్కటే. "భయపడకండి. మేస్త్రి తాళానికి రెండో చెవి దొర మీ దగ్గర తీసుకున్నాడా? అవునని ఒక్క మాటనండి, మిగతాది నేను చూసుకుంటాను."

స్టోర్సక్క ఆమెని చాలాసేపు చూసింది. జాలిపడుతున్నట్టుగా చూసింది.

"మీకు ఆయనంటే అంత కసి ఎందుకమ్మా?"

"మా అన్నయ్యని కాల్చేసి, తప్పు మా అన్నయ్యదేనని రాశాడు."

"మీకు అన్న. నాకు తమ్ముడు." స్టోర్సక్క చేతి తొడుగుల కట్ట మీది దుమ్ము దులిపింది. "ఇక్కడే పనిచేసేవాడు. కుడిచెయ్యి భుజం దాకా పోయింది. ఇంట్లో మేడ మీంచి పడ్డాడు. ఆసుపత్రిలో అలాగే చెప్పాం, ఊళ్ళో అలాగే చెప్పాం. వాడే ఇప్పుడు అలా చెప్తాడు. నిద్రలో మాత్రం మిషన్ ఆపండి అంటాడు."

"ఎప్పుడు?"

"తాళాలు కొనకముందు."

ఇన్‌స్పెక్టరమ్మకి లెక్క తేలిపోయింది. సున్నా కింద ఒక చెయ్యి ఉంది. దాన్ని పాతిపెట్టి, దాని మీద తాళాలు కొన్నారు. ఇక సున్నా దొర తప్పించుకోలేడు. ఆ ఉత్సాహంలో ఆమె తన వేళ్ళు ఏం ఏరుతున్నాయో కూడా పట్టించుకోలేదు. ఇత్తడి కుప్పలోంచి రెండు నల్లటి ఇనప ముక్కలు ఆమె అరచేతిలోకి వచ్చాయి.

"స్విచ్ వేసిందెవరక్కా?"

"మేస్త్రి. పొరపాటున వేశాడని దొరే వచ్చి చెప్పాడు. పిల్లలున్నవాడు, కేసు పెట్టకండన్నాడు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించాడు. మేస్త్రి అప్పట్నుంచి నేనెదురైతే తల వంచుకుని పోయేవాడు. తప్పు చేసినవాడు తల వంచుకోక ఏం చేస్తాడు."

గోడ మీద మైకు గరగరలాడింది. ఓనరు వచ్చాడని, ఇన్‌స్పెక్టరమ్మని మిక్సర్ దగ్గరికి రమ్మని.

"వెళ్ళండమ్మా" అంది స్టోర్సక్క. "ఆయన ఎవరికోసమూ ఆగే మనిషి కాదు. ఇది చూడాల్సిందే."

*

మిక్సర్ అంటే గదంత ఇనప డ్రమ్ము. లోపల మనిషి ఎత్తు రెక్కలు. చుట్టూ ఇనప కమ్మీల అరుగు, పైన మూత. మెయిన్ స్విచ్ సరిగ్గా అరుగు కిందే ఉంది. కమ్మీల సందుల్లోంచి కింద మాట్లాడేది పైకి, పైన మాట్లాడేది కిందికి వినిపిస్తుంది గానీ, మనుషులు కనపడరు.

సున్నా దొర కొత్త తాళం బిగించాడు. ఇన్‌స్పెక్టరమ్మ తన చేత్తో లాగి చూసింది. గట్టిగానే ఉంది. అతను తాళంచెవి ఓనరు కళ్ళ ముందు ఆడించి జేబులో వేసుకున్నాడు. అందరూ మెట్లెక్కారు. ఓనరు ముసలాయన, ఆయాసంతో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. గొణుగుడు మూత దగ్గర నిలబడ్డాడు, ఈసారి కదిలితే ఒట్టు అన్నట్టు.

"ఇదిగో సార్, లోపలికి వచ్చేశాను" సున్నా దొర గొంతు డ్రమ్ములో మోగింది. "పైన మూత, కింద తాళం, జేబులో చెవి. ఇప్పుడు నన్ను దేవుడు కూడా కదిలించలేడు."

ఆ గొంతు వినలేక ఇన్‌స్పెక్టరమ్మ చూపు తిప్పుకుంది. అరచేతిలో ఇంకా ఆ రెండు ఇనప ముక్కలు ఉన్నాయి. ఇప్పుడు చూసింది.

ఇనప ముక్కలు. తాళాలన్నిటికీ చెవులు ఇత్తడివి. ఇవి ఏ పాత బీరువా తాళంచెవులో. వైస్‌లో ఒక తాళంచెవి విరగడం చూస్తే చాలు, అది తన తాళానిదేనా అని అడిగేవాడెవడు? మేస్త్రి అంతటి మనిషి కూడా శబ్దం విని నమ్మాడు. అంటే అసలు రెండోది స్టోర్లోనే ఉండిపోయింది. దొర అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆమే దాచుకుంది.

కానీ ఈ రెండూ ఒకే చెవి ముక్కలు కావు. ఒకటి విరిగినచోట తుప్పు పట్టి ఎర్రబడింది. అది మేస్త్రికోసం విరిచింది. రెండోదాని విరుగు వెండిలా తళతళలాడుతోంది. అది ఈ రోజు విరిచింది. ఈ రోజు స్టోర్లో తాళం తీసుకున్నది ఒక్కడే.

ఇన్‌స్పెక్టరమ్మ మెట్ల వైపు తిరిగింది. తిరిగిందే గానీ, కాళ్ళు వెంటనే కదలలేదు. ఆ క్షణం గురించి తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. లోపల ఉన్నది వాడు. తను చెయ్యాల్సింది ఏమీ లేదు, ఊరికే నిలబడితే చాలు. తర్వాత రిపోర్టులో కూడా ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది, సొంత నిర్లక్ష్యం అని.

"బయటికి లాగండి ఆయన్ని" అని అరిచి మెట్ల మీంచి పరుగెత్తింది.

స్టోర్సక్క స్విచ్ ముందు ఉంది. తాళం అప్పటికే ఆమె ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి పిడి మీద. అడుగుల చప్పుడుకి వెనక్కి చూసింది. ఆ చూడటమే ఆలస్యమైంది. ఇన్‌స్పెక్టరమ్మ రెండు చేతులతో పిడిని కిందికి అదిమి, భుజంతో ఆమెని తోసి, బ్యాగులోంచి తన నల్ల తాళం తీసి పిడి కన్నంలో దూర్చి నొక్కింది. టక్కుమంది.

"మీరు రారనుకున్నాను" అంది స్టోర్సక్క. రొప్పడం కూడా లేదు.

"నేనూ రాననే అనుకున్నాను."

"తియ్యండమ్మా. ఒక్క నిమిషం. మీ అన్నకి కూడా న్యాయం జరుగుతుంది. తర్వాత నన్ను పట్టివ్వండి, కాదనను."

"ఒక్క నిమిషంలో పోతాడక్కా వాడు. నాకది చాలదు. వాడు బతకాలి. నిలబెట్టి అడిగితే జవాబు చెప్పాలి."

పైన గందరగోళం. కమ్మీల సందుల్లోంచి సున్నా దొర గొంతు వచ్చింది. ఆ గొంతులో ఇప్పుడు మోత లేదు. "ఏంటి చప్పుడు? నా తాళం ఎవరు తీశారు? నిచ్చెన ఇవ్వండయ్యా, నిచ్చెన ఏదీ?"

నిచ్చెన గొణుగుడి దగ్గరుంది. దాన్ని ఎటు తిప్పాలో తెలియక తిప్పుతున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ తల పైకెత్తింది. "బాబాయ్, నిచ్చెన అలాగే ఉంచండి. దొరగారూ, మీ తాళం స్టోర్సక్క చేతిలో ఉంది. స్విచ్ మీద ఇప్పుడున్నది నాది. చెవి నా దగ్గరుంది. ఓనరుగారు మీ నెత్తి మీదే నిలబడి వింటున్నారు. ఈవిడ తమ్ముడి చెయ్యి ఎక్కడ పోయింది?"

"మేడమ్, ఇది బెదిరింపు."

"ప్రపంచంలో అందరికంటే భద్రమైన చోట ఉన్నారు. బెదిరింపెలా అవుతుంది? ఎక్కడ పోయింది?"

డ్రమ్ములో అతను అటూ ఇటూ జరిగిన అలికిడి వచ్చింది. తర్వాత ఇనుముకి బూటు తగిలిన చప్పుడు.

"ఇక్కడే. ఈ మిక్సర్లోనే."

పైన ఓనరు ఏదో అన్నాడు, వినపడలేదు.

"మేడ మీంచి పడ్డాడని చెప్పించిందెవరు?"

"నేనే. ఆ వారం సరుకు కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చారు. బోర్డు మీద ఒకటి వేస్తే ఒప్పందం పోయేది."

స్టోర్సక్క పిడి వైపు చూస్తూనే ఉంది. "మేస్త్రి స్విచ్ వేశాడని కూడా చెప్పమనండి" అంది. "నేనేం చేశానో అందరికీ తెలియాలి. ఎందుకు చేశానో కూడా తెలియాలి."

"విన్నారా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఆ రోజు స్విచ్ వేసిందెవరు?"

ఆమె తన తాళంచెవితో ఇనప కమ్మీ మీద ఒక్కసారి కొట్టింది. ఆ చిన్న చప్పుడుకి లోపల మనిషి గొంతు విరిగిపోయింది.

"నేను. నేనే వేశాను. వాళ్ళకి మిషన్ తిరగడం చూపించాలని తొందరపడ్డాను, లోపల మనిషి ఉన్నాడని చూసుకోలేదు. మేస్త్రికి ఏ సంబంధం లేదు. పరుగెత్తుకొచ్చి ఆపింది అతనే, కుర్రాణ్ణి బయటికి లాగింది అతనే. నిజం చెప్పేస్తానని నెల రోజులుగా నా ప్రాణం తీస్తున్నాడు. ఆ అక్క ముఖం చూడలేకపోతున్నానన్నాడు. ఇప్పుడు నన్ను బయటికి తియ్యండి, మీకు దణ్ణం పెడతాను."

స్టోర్సక్క చేతిలోంచి తాళం జారి కింద పడింది. ఆమె వంగి తియ్యలేదు. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. గేటు దగ్గర బెంచీ మీద ఉన్న మనిషి గుర్తొచ్చిందో ఏమో, ఆ వైపు ఒకసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి తలెత్తింది.

"ఆ తాళం తియ్యండమ్మా" అంది. ఇందాకటి గొంతు కాదది. "మీ అన్న కోసం కాదు, నా తమ్ముడి కోసం కాదు. మేస్త్రి కోసం తియ్యండి."

ఇన్‌స్పెక్టరమ్మ గుప్పిట్లో తాళంచెవి వేడెక్కిపోయింది. తాళంకప్ప జానెడు దూరంలో ఉంది. పైన వాడు అమ్మా, అమ్మా అంటున్నాడు. అన్నయ్య కూడా ఆ రోజు అలాగే అన్నాడని పక్క గదిలో పనిచేసినవాళ్ళు తర్వాత చెప్పారు. తన చెయ్యి తాళం వైపు కదలడం ఆమె చూసింది, వేరెవరి చెయ్యో కదులుతున్నట్టు.

ఆమె వెనక్కి తిరిగి పరుగులాంటి నడకతో మెట్లెక్కింది. తెల్లబోయి నిలబడ్డ ముసలి ఓనరు చేతిలో తాళంచెవి పెట్టి, ఆయన వేళ్ళని తనే మూసింది.

"ఇది గట్టిగా పట్టుకోండి. ఆయన బయటికి వచ్చేదాకా, నేనడిగినా సరే, నాకివ్వకండి."